పచ్చదీపం గంజి ముట్టలేదు

దుకాణాలు తిరిగి తెరవడానికి ప్రభుత్వం అచ్చేసిన మార్గదర్శకాల పుస్తకం ఎనభై నాలుగు పేజీలు. గుమ్మానికీ బల్లకీ మధ్య ఎన్ని అడుగులుండాలో అందులో ఉంది. చెప్పులు ఏ వైపు విడవాలో ఉంది. తుమ్మొస్తే ఏ మోచెయ్యి అడ్డం పెట్టుకోవాలో బొమ్మ వేసి మరీ చూపించారు. పసుపు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆ పుస్తకం రాసిన పదకొండుమందిలో డాక్టర్ పైడిశ్రీ ఒకరు. అందుకే ఆమెకు అందరికన్నా ముందు తన మీద తనకే ఒళ్ళు మండింది. మిగతావాళ్ళ వంతు తర్వాత వచ్చింది.

ఎగశ్వాస జ్వరం మొదలై అప్పటికి ఏడు నెలలు. తగులుకున్న మూడోరోజుకి మనిషి గాలి కోసం ఎగపీలుస్తూ మంచాన పడతాడు. ఊళ్ళన్నీ తలుపులు బిగించుకు కూర్చున్నాయి. విశాఖపట్నంలో కొండ మీద ఉన్న ప్రయోగశాలలో పైడిశ్రీ ఒక నాచును పెంచింది. రైసుమిల్లు వెనక మురుగు కాలువలో, గంజినీళ్ళు తాగి బతికే మామూలు నాచు. దాని కణంలో ఒక చిన్న మార్పు చేసింది. గాలిలోంచి జ్వరం క్రిమి వచ్చి తగిలితే ఆ నాచు ఇరవై నిమిషాల్లో ఎర్రబడుతుంది. వేలెడంత గాజుగొట్టంలో నాచు, దాని ముందు గాలి చొరబడే జల్లెడలాంటి తెల్లటి పొర, రోజూ పొద్దున్నే రెండు చుక్కల గంజి. అంతే యంత్రం. కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. గుమ్మానికి తగిలిస్తే చాలు, లోపల గాలి ఎలా ఉందో ఎవరికైనా తెలిసిపోతుంది.

మొదటిసారి పరీక్షపెట్టెలో ఆ గొట్టం కుంకుమరంగుకి తిరిగినప్పుడు పైడిశ్రీ గట్టిగా ఏడ్చేసింది. డైరెక్టరు విశ్వంభరరావు వచ్చి, కళ్ళజోడు పైకెత్తి చూసి, "రంగు బాలేదమ్మా" అన్నాడు.

"ఎరుపు సార్. అంతకన్నా ఏ రంగు కావాలి?"

"ఎరుపు కాదు. మామూలుగా ఉన్నప్పటి రంగు. బావిగోడ మీది పాకుడులా ఉంది. ఫొటోలో నల్లగా పడుతోంది. జనానికి ధైర్యం రావాలంటే పచ్చగా, నిగనిగలాడుతూ ఉండాలి. కాస్త ఆకుపచ్చ రంగు కలపండి."

"బతికున్న నాచు అలాగే ఉంటుంది సార్. చస్తే తెల్లగా పాలిపోతుంది. ఆ తేడా కనపడాలి. రంగు కలిపితే చచ్చింది కూడా పచ్చగానే కనిపిస్తుంది."

"ఎందుకు చస్తుంది? గంజి పోస్తే బతుకుతుందని రాసింది మీరే కదా."

ఆమె ఆ అభ్యంతరం కాగితం మీద పెట్టింది. కాగితం ఫైల్లోకి వెళ్ళింది. రంగు గొట్టంలోకి వెళ్ళింది. ఆ గొట్టానికి పచ్చదీపమని పేరు వచ్చింది.

పరీక్ష కోసం పన్నెండు దీపాలను గజరాయునిపేట పెద్దబజారుకి పంపిన రోజు ప్రయోగశాలలో కొబ్బరికాయ కొట్టారు. పసుపు కలిపింది పైడిశ్రీయే. నాచు పెంచే గాజుపళ్ళెంలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, వేలితో కలిపి, పన్నెండు దీపాలకీ తనే రాసి, పైన కుంకుమబొట్టు పెట్టింది. కొత్త గ్రైండరు కొంటే పెడతాం, కొత్త సైకిలు కొంటే పెడతాం, ఇది తను నెలల తరబడి మోసి కన్న బిడ్డ. ఎక్కడ పెట్టిందని ఎవరూ అడగలేదు. గొట్టం ముందున్న ఆ తెల్లటి పొర అచ్చం నుదురులా ఉంది. నుదుటనే పెట్టింది.

పన్నెండు దీపాలూ బజారులో నలభై రోజులు వేలాడాయి. ఒక్కటీ ఎర్రబడలేదు. బజారు గాలి శుభ్రంగా ఉందని విశ్వంభరరావు నివేదిక రాశాడు. ఆ నివేదిక మీద పుస్తకం అచ్చయింది. ఇరవై రెండు వేల దీపాలు దుకాణాలకు పంచారు. పుస్తకంలో పద్నాలుగో పేరా అందరికీ నోటికి వచ్చింది. దీపం ఎర్రబడితే దుకాణం మూసుకోవాలి, ప్రభుత్వ చేయూత ఇంటికే వస్తుంది. పచ్చగా ఉంటే తెరిచి తీరాలి. పచ్చదీపం పెట్టుకుని కూడా తెరవనివారికి చేయూత నిలిపివేయబడును. చివరి పేజీలో పదకొండు సంతకాలు, అందులో ఏడోది పైడిశ్రీది.

గజరాయునిపేటలో ఆమె అన్న అప్పలసూరికి క్షౌరశాల ఉంది. రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, గోడకి ఒక రేడియో. చెల్లెల్ని చదివించింది ఆ కత్తెరే. తెరిచిన రోజు పైడిశ్రీ వెళ్ళింది. అప్పలసూరి గోడలకు సున్నం వేయించాడు. కుర్చీలకి, అద్దానికి, కత్తెరలకి, ఆఖరికి నీళ్ళు చిమ్మే సీసాకి కూడా పసుపూ బొట్టూ. గుమ్మం పక్కన దీపానికి మాత్రం ప్రత్యేక మర్యాద జరిగింది. అరచేతి మందాన పసుపు మెత్తి, పైన రూపాయంత బొట్టు పెట్టి, రెండు చేమంతులు గుచ్చారు.

"ఏటే, సూస్తన్నావు?" అన్నాడు అప్పలసూరి. "నీ దీపమని ఈధంతా సెప్పినాను. మా సెల్లి సేసిందిరా అని. బేరం రాకపోయినా సూడ్డానికొస్తన్నారు."

"బాగుందన్నియ్యా" అంది పైడిశ్రీ. నిజంగానే బాగుంది. ఏడు నెలల తర్వాత అన్న మొహంలో నవ్వు చూసింది. శాస్త్రవేత్త కళ్ళతో చూడాల్సిన దాన్ని చెల్లెలి కళ్ళతో చూసి, వదిన నూకరత్నం పెట్టిన ఉప్మా తిని, విశాఖ వెళ్ళిపోయింది.

పదిరోజుల తర్వాత ఒక మంగళవారం అప్పలసూరి ఫోను చేశాడు. మంగళవారం క్షవరాలుండవు, వారానికోసారి చెల్లెలితో తీరిగ్గా మాట్లాడే రోజు అది.

"పైడీ, నీ దీపం గంజి ముట్టట్లేదమ్మా."

"అంటే ఏటన్నియ్యా?"

"పొద్దున్న ఏసిన సుక్కలు సాయంత్రానికి ఏసినట్టే ఉంతన్నాయి. మొదటిరోజు గటగటా తాగీసింది. మర్నాటి నుంచీ నేదు. సంటిపిల్లకి పాలు పడితే తెలీదేటి, తాగుతందో నేదో. ఒంట్లో బాగోనట్టుంది దానికి."

"రంగెలాగుంది?"

"రంగుకేటి, నిగనిగలాడిపోతంది."

పైడిశ్రీ చేతిలో పెన్ను కింద పెట్టింది. "పసుపు పొర మీద పెట్టినారా?"

"మరెక్కడ పెడతారు? మీ వదిన శుక్రవారం శుక్రవారం మళ్ళీ రాస్తంది. ఏం, రాయకూడదా? పుస్తకంలో నేదే?"

పుస్తకంలో లేదు. ఆమె ఫోను పెట్టేసి అరగంటలో పది దీపాలు బల్ల మీద వరసగా పేర్చింది. ఐదింటికి పసుపు రాసింది, ఐదింటిని వదిలేసింది. మర్నాడు పదింటినీ పరీక్షపెట్టెలో పెట్టి క్రిమిని వదిలింది. వదిలేసిన ఐదూ ఇరవై నిమిషాల్లో ఎర్రబడ్డాయి. పసుపు రాసిన ఐదూ పచ్చగా, పెళ్ళికూతుళ్ళలా కూర్చున్నాయి. పసుపు క్రిములను చంపుతుందని ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. దెబ్బ తగిలితే రాసేది అందుకే. ఆ పసుపు నాచును మాత్రం ముద్దు పెట్టుకుంటుందా? అమ్మమ్మలు చెప్పే ముక్క డాక్టరేటు తీసుకున్న తనకి తట్టలేదు.

తర్వాత సామాన్లగదికి వెళ్ళింది. బజారు పరీక్ష నుంచి తిరిగొచ్చిన పన్నెండు దీపాలూ అట్టపెట్టెలో ఉన్నాయి. పన్నెండింటికీ ఎండిన పసుపు, చెదిరిన బొట్టు. తన వేలిముద్ర కూడా కనిపిస్తోంది. ఒక్కొక్కటీ పగలగొట్టి సూక్ష్మదర్శిని కింద చూసింది. పన్నెండూ శవాలే. నలభై రోజులు బజారులో గాలి శుభ్రంగా ఉందని చెప్పింది పన్నెండు శవాలు. వాటి మాట మీదే ఇరవై రెండు వేల తలుపులు తెరుచుకున్నాయి.

విశ్వంభరరావు అంతా విన్నాడు. విని, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎవరితోనైనా చెప్పారా?"

"ముందు మీతోనే చెప్తున్నాను సార్. ఇవాళే దీపాలన్నీ దింపించాలి. ఆ రంగు తీసేసి మళ్ళీ చెయ్యాలి. ఆరు వారాలు పడుతుంది. ఆ ఆరు వారాలూ దుకాణాలు మూసి చేయూత ఇవ్వాలి."

"చూడమ్మా, ఇప్పుడు దీపాలు చచ్చాయంటే జనం భయపడిపోతారు."

"భయపడాలి సార్."

"మిగతా రాష్ట్రాలవాళ్ళు మన దీపం అడుగుతున్నారు. పైవాళ్ళకి నేనేం మొహం చూపించను? వచ్చేనెల సవరణలో ఒక వాక్యం చేరుద్దాం. దీపానికి అన్యపదార్థాలు పూయరాదు. సరిపోతుంది."

"ఇప్పటికే పూసినవాళ్ళ సంగతి?"

"అది వాళ్ళ అలవాటు. అలవాట్లకి మనం బాధ్యులమా?"

పైడిశ్రీకి ఆ క్షణంలో బల్ల మీది పేపరువెయిటు తీసి గోడకి కొట్టాలనిపించింది. కొట్టలేదు. తర్వాత చాలాసార్లు, కొట్టి ఉంటే బాగుండేదనుకుంది. బయటికొచ్చి పైఅధికారులు నలుగురికి ఉత్తరాలు రాసింది. ఒకరు అందిందన్నారు. ఒకరు మీ డైరెక్టరు ద్వారా పంపమన్నారు. మిగతా ఇద్దరూ అదీ అనలేదు. పత్రికలో పనిచేసే ఒకాయన ఆధారం అడిగాడు. ఆధారాలున్న గదికి మర్నాటికల్లా కొత్త తాళం పడింది.

అన్నకి మాత్రం పరీక్ష చేసిన బుధవారం సాయంత్రమే ఫోను చేసి మూసెయ్యమంది. ఎందుకని కూడా అడగకుండా అప్పలసూరి గురువారం మూసేశాడు. శుక్రవారం ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చాడు. చేతిలో పుస్తకం, చంకలో సంచీ.

"దీపం పచ్చగా ఉంది. షాపు ఎందుకు మూశావయ్యా?"

"దీపం సచ్చిపోనాది బాబూ. మా సెల్లి సెప్పింది."

"ఏ చెల్లెలు? ఈవిడేనా?" ఇన్‌స్పెక్టరు చివరి పేజీ తిప్పి ఏడో సంతకం చూపించాడు. "తెరవమని ఇక్కడ సంతకం పెట్టింది. ఫోనులో మూసెయ్యమందా? నేను దేన్ని నమ్మాలి, అచ్చుకాగితాన్నా, నీ ఫోన్నా? రేపు తెరవకపోతే చేయూత జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తాను. లైసెన్సు సంగతి తర్వాత."

ఆ సాయంత్రం అప్పలసూరి ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. "రేపు తీత్తానమ్మా. మూతికి గుడ్డ కట్టుకుంతాను. నువ్వేటీ బెంగెట్టుకోకు. నీ సంతకం అంత బాగుంతాదని నాకు తెలీదు" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమె చెవిలో చాలా రోజులు ఉండిపోయింది.

గడ్డం గీసేవాడి మూతికి గుడ్డ ఉంటుంది. గీయించుకునేవాడి మూతికి ఉండదు. తొమ్మిదోరోజుకి అప్పలసూరిని ఆసుపత్రిలో చేర్చారు.

పైడిశ్రీ వెళ్ళేసరికి నూకరత్నం వరండాలో నేల మీద కూర్చుని ఉంది. ఆడపడుచుని చూసి లేవలేదు.

"ముక్కుకి గాలి గొట్టం పెట్టినారు" అంది. "రాత్రుళ్ళు కూడా ఏటో గొణుగుతున్నాడంట. సిస్టరు సెప్పింది. దీపానికి గంజి ఏసినావేటి అని అడుగుతున్నాడంట." తన చేతులు చాపి చూసుకుంది. "పసుపు రాసింది నాను పైడమ్మా. సేతులార నానే రాసినాను. నాను సంపీసినట్టేనా?"

"కాదొదినా. మొదట రాసింది నేను."

"మరి నువ్వు సెప్పవేటి ఆలకి?"

చెప్తూనే ఉంది. గొంతు పోయేలా చెప్తోంది. వినాల్సినవాళ్ళకి వేరే పనులున్నాయి. ఆ సోమవారమే సవరించిన పుస్తకం వచ్చింది. ఇప్పుడు ఎనభై ఐదు పేజీలు. మంగళవారం అప్పలసూరి షాపు తలుపుకి నోటీసు అంటించారు. మార్గదర్శకాలకు విరుద్ధంగా దీపానికి అన్యపదార్థం పూసినందున యజమానికి చేయూత రద్దు చేయడమైనది, ప్రజారోగ్యానికి హాని కలిగించినందుకు చర్య తీసుకోబడును. సోమవారం పుట్టిన నియమాన్ని నెలరోజుల కిందట తప్పాడట. సిగ్గూ శరం ఉన్నవాడెవడూ అలాంటి కాగితం మీద జిగురు రాయడు. రాశారు, నాలుగు మూలలా రాశారు. గజరాయునిపేటలో ఆ వారం అలాంటి నోటీసులు నూట ముప్ఫై అంటించారు. ఆ నూట ముప్ఫై దుకాణాల్లోనూ జ్వరం వచ్చింది. తక్కిన వేల దుకాణాల గుమ్మాల్లో పచ్చదీపాలు ఇంకా నిగనిగలాడుతూనే ఉన్నాయి.

విచారణ సంఘం వేశారు. నిపుణురాలిగా పైడిశ్రీని పిలిచారు. ఆమె చేయాల్సింది ఒక్కటే, టైపు చేసి ఉంచిన నివేదిక కింద సంతకం. దుకాణదారుల అలవాట్ల మూలంగానే దీపాలు చెడినవని, దీపంలోగాని పరీక్షలోగాని లోపం లేదని అందులో ఉంది. ఆ సంతకం పడితే దీపాలు గుమ్మాలకి అలాగే ఉంటాయి, అప్పలసూరి మంచం మీదే దోషి అవుతాడు.

గది చల్లగా ఉంది. అధ్యక్షుడు ఒక రిటైరైన అధికారి. ఆయనకి కుడివైపు విశ్వంభరరావు, ఎడమవైపు ఇంకో అధికారి. మూల బల్ల దగ్గర సమావేశం రాసుకునే కమలాక్షి అనే ఆవిడ. అధ్యక్షుడి తల పైన, గోడకి, పుస్తకం ప్రకారం ప్రతి కార్యాలయంలోనూ ఉండాల్సిన పచ్చదీపం. ప్రారంభం రోజున అటెండరు ఎవరో భక్తిగా పసుపు రాసి బొట్టు పెట్టినట్టున్నాడు. ఎండిన బంతిపూల దండ కూడా ఉంది. దాని కింద కూర్చుని పసుపు రాయడం ఎంత తప్పో వాళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారు. ఒక్కడూ తలెత్తి చూడలేదు.

పైడిశ్రీ చూసింది. పుస్తకంలో అరవై ఒకటో పేరా కూడా గుర్తు చేసుకుంది. విచారణల్లో జరిగింది జరిగినట్టు రాసి, అదే రోజు నోటీసు బోర్డుకి పెట్టి, పత్రికలకి పంపాలి. ఆ పేరా రాసింది తనే. అప్పట్లో ఎవరూ చదవకుండానే ఒప్పుకున్నారు.

"సంతకం పెట్టండమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"పెడతాను సార్. ఒక్క సందేహం. మీ తల మీదున్న దీపం పనిచేస్తోందా?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "పచ్చగా ఉంది కదా."

"డైరెక్టరుగారూ అదే అంటారా?"

"పచ్చగా ఉందంటే గాలి శుభ్రంగా ఉన్నట్టే" అన్నాడు విశ్వంభరరావు విసుగ్గా. "మీకు తెలియనిదా?"

"ఆ మాట అలాగే రాయండమ్మా" అంది పైడిశ్రీ కమలాక్షితో. ఆవిడ రాసుకుంది.

పైడిశ్రీ సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతపెట్టిన నీలం గుడ్డ. "క్షవరం చేసేటప్పుడు మెడకి చుట్టే గుడ్డ సార్ ఇది. మా అన్న మంచాన పడ్డరోజు చివరి బేరానికి చుట్టింది. ఆ గీయించుకున్నాయన కూడా ఇప్పుడు ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఉతకలేదు." కవరు విప్పి, గుడ్డ తీసి, అధ్యక్షుడి ముందు బల్ల మీద విదిలించి పరిచింది.

కుర్చీలు ఒక్కసారిగా కీచుమన్నాయి. ఎడమవైపు అధికారి కాళ్ళు దేనికో తట్టుకుని గోడకి జారబడ్డాడు. అధ్యక్షుడు కండువా మూతికి నొక్కుకుని లేచాడు.

"కూర్చోండి సార్. దీపం పచ్చగానే ఉంది" అంది పైడిశ్రీ. ఆమె గొంతు లేవలేదు. "ఇప్పుడే కదా అన్నారు, పచ్చగా ఉంటే గాలి శుభ్రమని. పద్నాలుగో పేరా చదివారుగా. పచ్చగా ఉంటే తలుపు తెరిచి కూర్చోవాల్సిందే. మా అన్నని కూర్చోబెట్టారు. మీరూ కూర్చోండి. పోనీ ఇరవై నిమిషాలు కూర్చోండి, ఎర్రబడుతుందేమో చూద్దాం."

"పిచ్చెక్కిందా నీకు" అని అరిచాడు విశ్వంభరరావు. అందరికన్నా ముందు తలుపు దాటింది ఆయనే. ఆ దీపం సంగతి ఆ గదిలో పైడిశ్రీ తర్వాత బాగా తెలిసినవాడు ఆయనే కదా. అధ్యక్షుడు వెనకే, మూడో ఆయన ఆ వెనకే. నివేదిక బల్ల మీదే మిగిలిపోయింది. పైడిశ్రీ దాన్ని నాలుగు ముక్కలుగా చింపింది.

కమలాక్షి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మీరు వెళ్ళలేదేం?" అంది పైడిశ్రీ.

"ఆ గుడ్డ అంచుకి షాపు లేబుల్ వేలాడుతోందండి" అందావిడ. "ఇందాక విదిలించినప్పుడు చూశాను."

"పొద్దున్నే కొన్నాను. కంగారులో తియ్యడం మర్చిపోయాను."

కమలాక్షి నవ్వలేదు. పెన్ను సరిచేసుకుంది. "మా చెల్లెలి మొగుడికి కిరాణాకొట్టుంది. ఆ నూట ముప్ఫైలో ఒకడు. ఏం రాయమంటారు?"

"అరవై ఒకటో పేరాలో ఏముందో అలాగే. జరిగింది జరిగినట్టు రాయండి. గుడ్డ కొత్తదని నేను చెప్పాను, అదీ రాయండి."

ఆవిడ అంతా రాసింది. ఒక్కో వాక్యం రాస్తూ పైకి చదివింది. చివర గోడగడియారం వైపు, దీపం వైపు, తెరిచి ఉన్న తలుపు వైపు చూసి, ఆఖరి రెండు వాక్యాలు చేర్చింది.

"సమయం పదకొండు గంటల పది నిమిషాలు, దీపం పచ్చగా ఉంది. గదిలో సభ్యులెవరూ లేరు."